పల్లి పడని పిల్ల, ఎర్రగుడ్డ కట్టిన గంటె

మెదక్‌లో పోలీసు యాక్షన్ జరిగిందని మీరు పుస్తకాల్లో చదివే ఉంటారు. మా వంటింట్లో అది ఏడాది ముందే మొదలైంది. అక్కడ పోలీసును నేనే. ఆయుధం గంటె. శత్రువు పల్లి.

ఆడపిల్లల బోర్డింగులో ముప్పయ్యెనిమిదేళ్లు వంట చేసి దిగిపోయినదాన్ని. ఇప్పుడు బడుల్లో, హాస్టళ్లలో పొయ్యి ముందు నిలబడుతున్న మీకోసం ఇది రాస్తున్నాను. రాయడమంటే నాకు మూడో తరగతి వరకే వచ్చు. నాలుగో తరగతిలో లెక్కల పంతులమ్మ ఈ బడిలో నువ్వన్నా ఉండాలి, నేనన్నా ఉండాలి అంది. ఆమెకు జీతం ఇస్తున్నారు, నాకు ఇవ్వడం లేదు కదా అని నేనే బయటికి వచ్చేశాను. ఇందులో తప్పులు మా మనవరాలు దిద్దింది. ఆమె దిద్దలేకపోయినవి నా బుద్ధిలో ఉన్నవి, కాగితం మీద ఉన్నవి కావు.

మా బోర్డింగు చర్చి గంట వినబడేంత దూరంలో ఉండేది. నలభై మంది పిల్లలు, ఒక మేట్రనమ్మ, ఒక వంటామె. నాకప్పుడు పద్దెనిమిదో పందొమ్మిదో. మేట్రనమ్మ సన్నగా, నిటారుగా, నవ్వితే తెల్లచీర నలుగుతుందేమో అన్నట్టు ఉండేది. ఆమెను నవ్వించాలని నేను ఏళ్లకేళ్లు పనిచేశాను. దానికి జీతం లేదు.

రజాకార్ల భయం, ఎర్రజెండా సంగపోళ్ల మాట ఊరూరా ఉన్న ఆ రోజుల్లో, శివ్వంపేట దిక్కు పల్లె నుంచి ఒక కూలిమనిషి ఆరేళ్ల బిడ్డను నడిపించుకొని వచ్చింది. అందరూ రజాకార్లకు భయపడి పిల్లలను తెచ్చి దింపుతుంటే, ఈమె భయం వేరే.

"మా ఊరి సుట్టు పల్లిచేన్లే అమ్మా. పీకుడు, తెంపుడు, ఒలుసుడు. ఏ ఇంట్లకు పోయినా పల్లే. ఈ పిల్లకు పల్లి తాకిందంటే పెదిమెలు ఉబ్బుతయి, ఊపిరి ఆగుతది. రెండుసార్లు పోయి వచ్చింది," అంది మేట్రనమ్మతో. తర్వాత నా దిక్కు తిరిగి, "వంటక్కా, నీ కాల్మొక్త. పల్లి తినబెట్టకు. పల్లినూనె గూడ వద్దు. మూడోసారి వస్తదో రాదో," అంది.

నేను గంభీరంగా తల ఊపాను. ఆమె గేటు దాటగానే ఉల్లిగడ్డలు కోస్తున్న పెద్దపిల్లలతో అన్నాను: "చేపకు నీళ్లు పడవంటే నమ్ముతరానే? గట్లున్నది ఈమె ముచ్చట."

వాళ్లు నవ్వారు. వాళ్లు నవ్వితే నాకు కల్లు తాగినట్టు ఉండేది.

మూడు వారాలు బుద్ధిగానే ఉన్నాను. పిల్ల కూడా బుద్ధిగానే ఉంది. ఏది పెడితే అది తినేది, పళ్లెం కడిగి బోర్లించేది, నా వెనకాలే తిరుగుతూ "అక్కా, గిది ఏంది? గది ఏంది?" అని అడిగేది. ఇంత మంచిగా తినే పిల్లకు పల్లి పడకపోవడమేమిటి, తల్లి గారాబం చేసి పాడు చేసింది అని నాకు తోచింది. నేను తెలివైనదాన్ని అనుకుంటున్న రోజులవి. ఒకనాడు ఆ పిల్లకు వేసే పుంటికూర పచ్చడిలో చిటికెడు పల్లిపొడి కలిపాను. ఎవరికీ చెప్పలేదు. ఏమీ కాకపోతే సాయంత్రం అందరి ముందు చెప్పి నవ్విద్దామని.

రొట్టె సగం కూడా కాలేదు. పిల్ల మూతి గోక్కుంది. పెదిమెలు నా కళ్ల ముందే కందిరీగలు కుట్టినట్టు ఉబ్బాయి. ఒళ్లంతా దద్దుర్లు. దగ్గు మొదలై, ఆ దగ్గు కాస్తా పిల్లనగ్రోవిలో గాలి పోయినట్టు సన్నబడింది. మేట్రనమ్మ పిల్లను భుజాన వేసుకొని రోడ్డు అవతలి దవాఖానాకు ఉరికింది. అంత నిటారు మనిషి అంత ఉరుకుతుందని అప్పుడే తెలిసింది. డాక్టరమ్మ సూది వేసింది. పిల్ల బతికింది.

"ఏం పెట్టినవ్?" అని మేట్రనమ్మ అడిగింది.

"ఎప్పుడు పెట్టేదే అమ్మా. ఎట్ల తగిలిందో ఏమో," అన్నాను.

నోరు తెరిస్తే మూసుకోని నేను ఆ ఒక్కసారి ఎంత చక్కగా మూసుకున్నానో చూడండి.

డాక్టరమ్మ అరవదేశపు మనిషి, తెలుగు పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడేది. "ఈ బిడ్డకు పల్లి అనేది తిండి కాదు, విషము. ఈసారి మనకు సమయము దొరికినది. ప్రతిసారి దొరకదు," అని నా దిక్కే చూస్తూ చెప్పింది. అందరి దిక్కూ చూసే ఉంటుంది. నాకు మాత్రం నా దిక్కే అనిపించింది.

ఆ మర్నాటి నుంచి నేను పల్లి పోలీసును. ఆ పేరు పిల్లలు పెట్టిందే.

వంటింట్లోకి పల్లి రాకూడదు. ఇంటి నుంచి ఎవరికైనా పల్లిపట్టీ వస్తే గేటు దగ్గరే తినేసి, చేతులు బూడిదతో తోముకొని లోపలికి రావాలి. ఆ పిల్లకు వేరే కుండ, వేరే గంటె, వేరే పళ్లెం, వేరే రోలు. గుర్తుకు అన్నింటికీ ఎర్రగుడ్డ పీలికలు కట్టాను. ఎరుపే ఎందుకంటే, చిరిగిన లంగా ఎర్రది దొరికింది, అంతే. రాయడం సరిగ్గా రాదు కాబట్టి వంటింటి గోడ మీద బొగ్గుతో బొమ్మలు గీశాను: రోలు, కుండ, గంటె, నూనెసీసా, రెండు చేతులు. పొద్దున్నే ఒక్కో బొమ్మ మీద వేలు పెట్టి, అది కడిగామా లేదా అని చూసుకొని పొయ్యి ముట్టించేదాన్ని.

మేట్రనమ్మ ఆ గంటెను రెండు వేళ్లతో పట్టుకొని చూసింది. "ఎర్రగుడ్డ ఎందుకే? రోజులు బాగలెవ్వు. రజాకార్లు జూస్తే సంగపోళ్ల వంటిల్లు అంటరు. తీసేసి తెల్లది కట్టు."

"తెల్లది మసిల కనబడదమ్మా."

"నీకు బుద్ధి కనబడదు," అని వెళ్లిపోయింది. నేను తీయలేదు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

నూనె ఇంకో పెద్ద పని. కుసుమనూనె తెచ్చినా, అదే గానుగలో ముందు పల్లి ఆడించి ఉంటే ఎట్లా? అందుకని గానుగ దగ్గరికి వెళ్లి కూర్చునేదాన్ని. ముందు గానుగ కడగాలి, తర్వాత మొదటి వాయి కుసుమలు ఆడించి పక్కన పోయాలి, రెండో వాయి నాది. గానుగ పెద్దాయన బీడీ పక్కన పెట్టి అడిగాడు:

"నా ఎద్దుకు గూడ తానం జేపియ్యాల్నా పిల్లా?"

"అది పల్లిచెక్క తిన్నదా మామా?"

"తిన్నది."

"అయితే మూతి కడుగు."

ఆయన నిజంగానే కడిగాడు. ఎద్దు నన్ను ఎప్పటికీ క్షమించలేదు.

నవ్వులాటగా చెబుతున్నాను గాని, అసలు కష్టం గిన్నెల దగ్గర కాదు, మనుషుల దగ్గర. ఎవరు తింటున్నా ఎదుటివాళ్లను పిలిచి ఒక ముద్ద పెట్టడం మనకు అలవాటు. పెట్టింది వద్దంటే ముఖం కొట్టినట్టు. మా పిల్లల తల్లులంతా ఊళ్లలో దూరంగా కూర్చోబెడితే కూర్చొని, పైనుంచి పోస్తే దోసిలి పట్టి తాగినవాళ్లు. అట్లాంటి తల్లి ఒకామె పండుగకు బిడ్డను చూడడానికి వచ్చి, పక్కనున్న ఈ పిల్ల చేతిలో పల్లిలడ్డు పెట్టబోయింది. నేను గంటె అడ్డం పెట్టి, "చేతులు కడుక్కోకుంట ఈ పిల్లను ముట్టకు," అన్నాను.

ఆమె లడ్డు మూటలో వేసి ముడేసింది. "ఊర్ల దొరసాని గూడ గిదే మాట అంటది. ఈడ గూడ గిదేనా బిడ్డా?" అంది.

నేను గంటె దించాను. ఆ పిల్లే ఆమె కొంగు పట్టుకొని, "నీ చెయ్యి మంచిదే పెద్దమ్మా. పల్లే నాకు మంచిది గాదు. తింటే సస్త," అంది. ఆమె ఏడ్చి, నవ్వి, చేతులు కడుక్కొని వచ్చి పిల్ల తల నిమిరింది. అప్పటి నుంచి చెప్పే పని పిల్లకే అప్పగించాను. గంటె కంటే ఆ పిల్ల మాట బాగా పనిచేసేది.

అట్లా ఏడాది గడిచింది. పిల్లకు ఒక్క దద్దురు రాలేదు. నాకు మాత్రం కష్టంగా ఉండేది. ఎందుకంటే నాకు పల్లీలంటే ప్రాణం. పుట్టినప్పటి నుంచి నా కొంగు ముడిలో పల్లీలు లేని రోజు లేదు. నిషేధం పెట్టిందీ నేనే, దాంతో చచ్చిందీ నేనే.

తర్వాత ఆ సెప్టెంబరు వారం. ఆకాశంలో విమానాలు తిరిగాయి. రజాకార్లు ఎటు పోయారో పోయారు. రోడ్డు మీద మిలిటరీ లారీలు దిగాయి. నిన్నటి దాకా భయపెట్టినవాళ్లు పారిపోతే, భయం ఇల్లు మారింది. ఏ పాపం ఎరుగని ముసల్మాను ఇళ్లవాళ్లు పిల్లలను చంకనేసుకొని మా కాంపౌండులోకి వచ్చారు. అంతకుముందు రజాకార్లకు భయపడి వచ్చిన పల్లెవాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు. ఇద్దరికీ ఒకే చెట్ల నీడ, ఒకే బావి, ఒకే పొయ్యి. మేట్రనమ్మ గేటు తీసి నిలబడి, "వచ్చినోళ్లను రానియ్యి, ఉన్నదాంట్ల నీళ్లు పొయ్యి," అంది నాతో. నలభై మంది పప్పు అట్లా ఎన్ని వందల మంది చారు అయిందో లెక్క పెట్టలేదు.

వచ్చినవాళ్లలో మా పిల్లల జాకెట్లు కుట్టే దర్జీ భార్య ఉంది. బీబీ అని పిలిచేవాళ్లం. దర్జీ ఎక్కడున్నాడో తెలియదు. ఆమె బురఖాలో, ఒక చేతిలో పాలు తాగే బిడ్డ, ఒక చేతిలో చిన్న సంచి. సంచి చూడగానే నా ముక్కు పనిచేసింది. వేయించిన పల్లీలు.

"బీబీ, ఆ సంచి ఇట్ల ఇయ్యి," అని సంగతి చెప్పాను. ఇల్లు వదిలేటప్పుడు చేతికి దొరికిన తిండి అదొక్కటే. ఒక్క మాట అనకుండా ఇచ్చేసింది. "తీస్కపో బేటీ. ఆ బచ్చి సల్లగుండాలె," అంది.

సంచి తీసుకొని కట్టెల గుడిసె వెనక్కి వెళ్లాను. గోడ అవతల పారబోద్దామనే వెళ్లాను, దేవుడి సాక్షి. కాని ఏడాది అయింది. ఇంకా వెచ్చగా ఉన్నట్టు ఉంది ఆ వాసన. ఒక పిడికెడు కొంగులో పోసుకున్నాను. నిలబడే నలిపి, పొట్టు ఊది, తిన్నాను. మిగతావి పారబోశాను. తర్వాత బూడిదతో మోచేతుల దాకా తోముకున్నాను. నోరు మూడుసార్లు పుక్కిలించాను. గోళ్లలో వేప పుల్లతో గీసుకున్నాను. ఇంత జాగ్రత్త ఎవరికి ఉంటుందని నా భుజం నేనే తట్టుకున్నాను. కొంగు విదిలించి బొడ్డులో దోపాను.

మధ్యాహ్నం అంతమంది మధ్య ఆ పిల్లను వంటింటి గడప లోపల కూర్చోబెట్టి, ఎర్రగుడ్డ గంటెతో పప్పు వేసి, తినేదాకా పక్కనే కాపలా నిలబడ్డాను. ఈగను కూడా రానివ్వలేదు. పిల్ల తిని లేచింది. పెదిమె చివర పప్పు అంటుకొని ఉంది. "ఇటు రాయే బంగారం," అని మూతి కొంగుతో తుడిచాను.

గోడ మీద రోలు ఉంది, కుండ ఉంది, గంటె ఉంది, నూనె ఉంది, చేతులున్నాయి. కొంగు లేదు. కొంగును ఎవరు గుర్తు పెట్టుకుంటారు? పొయ్యి మీది గిన్నె దించేది దానితోనే, చెమట తుడిచేది దానితోనే, ఏడిస్తే ముఖం దాచేది దానితోనే. అది ఒక వస్తువని నాకు ఎన్నడూ అనిపించలేదు.

కాసేపటికే పిల్ల గడప పట్టుకొని నిలబడింది. "అక్కా, మల్ల అయితుంది," అంది. అప్పటికే మాట ముద్దగా వస్తోంది.

నాకు కోపం వచ్చింది. భయం రావలసిన చోట కోపం ఎందుకు వస్తుందో అప్పుడు తెలియలేదు, ఇప్పుడు తెలుసు. అరుగు మీద కూర్చున్న బీబీ దిక్కు తిరిగి, "పిల్లకు ఏం పెట్టినవే?" అని కేక వేశాను.

కాంపౌండులో తలలన్నీ ఆమె దిక్కు తిరిగాయి. ఆ వారం అన్ని తలలు ఒక మనిషి దిక్కు తిరగడం చిన్న సంగతి కాదు. ఒక మనిషి కట్టెల మోపులోంచి దుడ్డుకర్ర లాగడం కూడా చూశాను. బీబీ చంకలో బిడ్డను పక్కామె ఒళ్లో పడేసి లేచింది. "నేనేం పెట్టలే. అడుగుడు తర్వాత. ముందు పిల్లను ఎత్తుకో," అంది.

ఎత్తుకొని ఉరికాను. బీబీ నా వెంట ఉరికింది. గేటు దాటి రోడ్డు మీదికి వచ్చాక గాని చూసుకోలేదు, నా కుడిచేతిలో గంటె ఉంది. ఎర్రగుడ్డ గాలికి జెండాలాగా కొట్టుకుంటోంది. ఎదురుగా మిలిటరీ లారీ.

అప్పుడు వాళ్లు వెతుకుతున్నది రజాకార్లను ఒక్కళ్లనే కాదు, ఎర్రజెండావాళ్లను కూడా. ఇద్దరు జవాన్లు దూకి తుపాకులు నా ముందు పెట్టారు. ఒకడు గంటెను చూసి ఏదో గద్దించాడు. నేను తెలుగులో ఊపిరి ఊపిరి అంటూనే ఉన్నాను గాని గంటెతో దారి చూపిస్తున్నాను. గంటె ఎటు పోతే తుపాకీ అటు పోతోంది. ఉర్దూలో చెబుదామంటే నాకు తెలిసిన ఉర్దూ అంతా కూరగాయల బేరానిది. నోటికి వచ్చిన మాట "కిత్నా?" అని. పిల్ల నా భుజం మీద ఊపిరికి కొట్టుకుంటోంది, నేను సర్కారు జవానును ఎంతకు ఇస్తావు అని అడుగుతున్నాను.

అప్పుడు బీబీ ముందుకు వచ్చి బురఖా వెనక్కి వేసింది. పెళ్లయినప్పటి నుంచి పరాయి మగవాడు చూడని ముఖం. తనది ఏ ఇల్లో ఆ ముఖం, ఆ మాట చెప్పేస్తాయని తెలిసి కూడా. "భాయ్ సాబ్" అని మొదలుపెట్టి గడగడా చెప్పింది. ఈమె వంటామె, అది అన్నం గంటె, ఈ బచ్చీకి ఊపిరి అందడం లేదు, ముందు దవాఖానాకు పోనీయి, తర్వాత మమ్మల్ని ఏమైనా చేసుకో అన్నదట. తర్వాత ఆమే చెప్పింది. పెద్ద మీసాల జవాను తుపాకీ పక్కవాడికిచ్చి, నా భుజం మీది పిల్లను లాక్కొని మాకంటే ముందు దవాఖానాలోకి ఉరికాడు.

డాక్టరమ్మ ఒక సూది వేసింది. చూసింది. ఇంకో సూది వేసింది. పిల్ల పెదిమెలు నీలంగా ఉన్నాయి. బీబీ పిల్ల పాదాలు రెండు చేతుల్లో పెట్టుకొని రుద్దుతోంది. ముఖం మీద ముసుగు వేసుకోవడం కూడా మరచిపోయింది. మేట్రనమ్మ వచ్చింది. ఆమె వెనక నలుగురైదుగురు వచ్చి వాకిట్లో నిలబడ్డారు. వాళ్లలో దుడ్డుకర్ర మనిషి ఉన్నాడు. "ఆ బురఖామెనే పెట్టిందట," అని ఎవరో అంటున్నారు. ఎవరో కాదు, నా మాటే తిరిగి వస్తోంది.

"బిడ్డ ఏమి తిన్నది? నాకు నిజము కావలెను," అంది డాక్టరమ్మ.

నేను భయానికి కొంగు నలుపుతున్నాను. వేళ్లకు ఏదో గరగరా తగిలింది. చూస్తే పల్లిపొట్టు. చిన్నది, ఎర్రది, ఉల్లిపొర కంటే పలచనిది. వేలు కొంచెం వదులు చేస్తే కిందపడుతుంది, ఫ్యాను లేని ఆ గదిలో కూడా గాలికి పోతుంది. పోయినేడాది ఒకసారి ఊరుకున్నాను కదా. ఊరుకోవడం ఎంత తేలికో నాకు తెలుసు.

అరచేతిలో పెట్టి డాక్టరమ్మ ముందుకు చాపాను. "బీబీ ఏం పెట్టలేదమ్మా. నేనే. నా కొంగుల పల్లీలుండె, దాంతోనే మూతి తుడిసిన. పోయినేడు పచ్చడిల గలిపింది గూడ నేనే. అబద్ధమేమో అని సూద్దామనుకున్న."

వాకిట్లో దుడ్డుకర్ర నేలకు ఆనిన చప్పుడు వినబడింది. మేట్రనమ్మ నా చేతిలోంచి గంటె తీసుకుంది. కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను. దాన్ని కిటికీలో పెట్టి, "గుంజ లెక్క నిలబడకు. ఆ చీర విప్పి ఉడకబెట్టు," అంది.

బీబీ పిల్ల పాదాల మీది నుంచి చేతులు తీయకుండానే నా దిక్కు చూసింది. "అన్ని పల్లీలు నువ్వే తిన్నవా? నాకు నాలుగన్న ఉంచకపోతివి," అంది.

నా జన్మలో నన్ను ఏడిపించిన జోకు అదొక్కటే.

పొద్దు వాలుతుండగా పిల్ల ఊపిరి మామూలైంది. కళ్లు తెరిచి, నేను దవాఖానా వాళ్ల మగ్గం చీరలో ఉండడం చూసి, "అక్కా, గిదెవరి చీర?" అంది. మేట్రనమ్మ గోడ దిక్కు తిరిగి నవ్వింది. తెల్లచీర నలగలేదు. ఏళ్ల తరబడి నేను పడ్డ కష్టమంతా అట్లా ఎవరి చీర వల్లనో తీరింది.

నన్ను పని నుంచి తీసేస్తారనుకున్నాను. పిల్ల తల్లి వచ్చినప్పుడు అంతా ఆమె ముందు చెప్పాను. ఆమె బిడ్డ ముఖం తడిమి చూసి, "ఇప్పుడు నీకన్న ఎక్కువ భయం ఎవ్వరికుంటది? నీ దగ్గర్నే ఉండనియ్యి," అంది. దర్జీ నెల తర్వాత తిరిగి వచ్చాడు. నాకు జాకెట్లు కుట్టినన్నాళ్లూ ఒక చేయి పొడుగ్గా, ఒక చేయి పొట్టిగా కుట్టాడు. ఎందుకని అడిగే హక్కు నాకు లేదు.

ఆ పిల్ల పెరిగి, పెళ్లి చేసుకొని, ఇప్పటికీ నన్ను చూడడానికి వస్తుంది. ముందు నా కొంగు వాసన చూస్తుంది. తర్వాతే పలకరింపు.

దవాఖానా నుంచి వచ్చిన మర్నాడు నేను గోడ మీద చేతుల బొమ్మ పక్కన ఇంకో బొమ్మ గీశాను. అది నేను. ప్రతి ఏడూ సున్నం వేసినప్పుడల్లా అన్ని బొమ్మలూ మళ్లీ గీసేదాన్ని, ముందు దాన్నే. దిగిపోయే రోజు కొత్తగా వచ్చిన వంటపిల్లకు ఒక్కో బొమ్మ చూపించి చెప్పాను. ఆ పిల్ల చివరి బొమ్మ దగ్గర ఆగింది.

"గిదేంది అవ్వా?"

"నేనే."

"అయ్యో, కుండ అనుకున్న."

"కుండనైతే కడిగి బోర్లిస్తే సరిపోతుండె పిల్లా," అన్నాను.